బండికీ వుంటాయి మోకాళ్ళు

మనిషికి వయస్సు వచ్చిన సంగతి జుట్టు చెబుతుందని లోకులంటారు గాని, ఆ సాక్ష్యం చెల్లదు. జుట్టుకి రంగు వేసుకోవచ్చు. పళ్ళు కట్టించుకోవచ్చు. వయస్సు సంగతి నిక్కచ్చిగా చెప్పేవి మోకాళ్ళు. మెట్టు దిగేటప్పుడు "అమ్మయ్యా" అన్న మాట మన ప్రమేయం లేకుండా నోట్లోంచి వచ్చిందంటే, ఇంక జాతకచక్రం తిప్పి చూడనక్కర్లేదు.

బండికీ అంతే. పైన రంగు లక్షణంగా మెరుస్తూనే వుంటుంది. ఇంజను శుభ్రంగా పలుకుతుంది. ఏసీ వేస్తే హిమాలయమే. కాని ముందు చక్రాల దగ్గర, ఎవరి కంటా పడని చోట, రెండు మోకాళ్ళుంటాయి. పుస్తకాల్లో వాటి పేరు స్ట్రట్లు. మా కోనసీమ షెడ్లలో ఆ పేరు చెప్పి అడిగితే, కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ముందు షాకబ్జర్లాండీ?" అంటాడు. ఔనంటే చాలు, పని జరిగిపోతుంది. ఈ వారం వాటి కథ చెప్పుకుందాం. బండి లేని పాఠకులు పేజీ తిప్పేయనక్కర్లేదు. బండి లేనివారుంటారు గాని, ఎవరి బండీ ఎక్కనివారుంటారా?

అసలీ మోకాలు చేసే పనేమిటి? పూర్వం రెండెద్దుల బండికి స్ప్రింగులూ లేవు, గిస్ప్రింగులూ లేవు. దారిలో వున్న గతుకు వున్నట్టుగా నడుముకి చేరేది. గడ్డి పరిచి, దానిమీద బొంత వేసుకుని, భగవంతుడిమీద భారం వేసి కూర్చునేవారు. తర్వాత జట్కాలకీ, జీపులకీ కమాను కట్టలు వచ్చాయి. ఇనప పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చిన కట్టలన్నమాట. బరువు పడ్డప్పుడు ఆ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకునేవి. ఆ ఒరిపిడివల్ల వూపు కొంత దానంతటదే చచ్చేది. కార్లలోకి చుట్ట స్ప్రింగు వచ్చాక మెత్తదనం పెరిగింది, చిక్కు కూడా వచ్చింది. చుట్ట స్ప్రింగుకి ఒరిపిడి లేదు. ఒక్కసారి నొక్కి వదిలితే ఉయ్యాలబల్లలాగ వూగుతూనే వుంటుంది. గతుకు దగ్గర పుచ్చుకున్నదాన్ని అక్కడే మరిచిపోదు, పదిగజాలు పోయాక కూడా తిరిగి ఇస్తూనే వుంటుంది. దాన్ని "ఇంక చాల్లే" అని ఆపేవాడు ఒకడు కావాలి. వాడే షాకబ్జరు.

వాడెలా ఆపుతాడో తెలియాలంటే కారు కిందికి దూరక్కర్లేదు, మా వూరి దగ్గర లొల్ల లాకులకి వస్తే చాలు. సినిమావాళ్ళ పుణ్యమా అని ఆ లాకుల్ని తెరమీద చాలామంది చూసే వుంటారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక ఈ గడ్డమీద కాలువలు పారాయి, వాటిలో పడవలు నడిచాయి. అయితే కాలువలో నీటిమట్టం ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. ఎత్తునించి పల్లానికి పడవ ఒక్కసారిగా దూకితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అంచేత లాకు కట్టారు. పడవని రెండు తలుపుల మధ్య నిలబెట్టి, చిన్న తూముగుండా నీళ్ళు మెల్లిగా వదుల్తారు. పడవ తనకి తెలియకుండానే కిందికి దిగుతుంది. అందులో నిండు బిందె వున్నా తొణకదు.

షాకబ్జరు లోపల వున్నది సరిగ్గా ఈ లాకే. ఒక గొట్టం, దాని నిండా నూనె, నూనెలో పైకీ కిందికీ ఆడే ఒక పిస్టను, ఆ పిస్టనుకి సన్నని బెజ్జాలు, బెజ్జాలకి పల్చని రేకు కవాటాలు. చక్రం గతుకులో పడి పైకి లేవగానే పిస్టను కదలబోతుంది. కదలాలంటే నూనె ఆ సన్న బెజ్జాల్లోంచి దూరి అవతలికి పోవాలి. దూరడానికి వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలోనే కుదుపులో వున్న కోపం అంతా వేడిగా మారిపోయి, నూనెకీ గొట్టానికీ పట్టి, గాలిలో కలిసిపోతుంది. మన నడుము దాకా రాదు. ఆడి ఆడి నూనె నురగలు కట్టకుండా ఇప్పటివాటిలో నత్రజని వాయువు కూడా కొంత బిగిస్తారు. ఏళ్ళు గడిచాక సీలు అరుగుతుంది, నూనె చెమర్చుతుంది, కవాటాలు సడలుతాయి. అప్పుడది తలుపులు బార్లా తెరిచిన లాకు. పడవ దిగదు, దూకుతుంది.

మరి షాకబ్జరూ స్ట్రట్టూ ఒకటేనా అని అడిగేవారుంటారు. స్ట్రట్టంటే ప్రమోషను వచ్చిన షాకబ్జరు. ప్రమోషనుతోపాటు చాకిరీ కూడా పెరిగిందన్నమాట. చాసిస్ మీద కట్టిన పాత తరహా బళ్ళలో ముందు చక్రాన్ని పైనొక చెయ్యీ కిందొక చెయ్యీ పట్టుకుని వుంటాయి. షాకబ్జరు పక్కన నిలబడి తన పని తాను చూసుకుంటుంది. స్ట్రట్టున్న బండిలో పై చెయ్యి లేదు. స్ప్రింగుని భుజాన మోసేది స్ట్రట్టే, చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది అదే, స్టీరింగు తిప్పితే చక్రంతోపాటు తిరిగేదీ అదే. అంచేత అది అరిగితే కుదుపొక్కటే కాదు, బండి నడక మొత్తం మారిపోతుంది.

ఇంత చాకిరీ ఒక్కదాని నెత్తిన పెట్టిన పెద్దమనిషి పేరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్. 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక షెవర్లే కంపెనీలో, సామాన్యులు కొనుక్కోదగ్గ చిన్నకారు ఒకటి తయారుచేసే పని ఆయనకి అప్పగించారు. చిన్నకారు కదా, చోటు మిగలాలి, సామాను తగ్గాలి. ఆ ఆలోచనలోంచి పుట్టిందీ స్ట్రట్టు. తీరా 1947లో కంపెనీ ఆ కారు సంకల్పాన్నే మానుకుంది. ఆయన ఫోర్డు కంపెనీకి వెళ్ళిపోయాడు. 1950లో ఇంగ్లండులో వచ్చిన కాన్సల్, జెఫిర్ కార్లకీ ఇలాంటి స్ట్రట్లే పెట్టారు. 1960లో ఆయన పోయాడు. ఆయన మోకాళ్ళు మాత్రం భూమండలమంతా నడుస్తున్నాయి. 1983 డిసెంబరులో మన దేశంలో మారుతి 800 వచ్చినప్పుడు దాని ముందు చక్రాలకి వున్నవి అవే. 2011లో వచ్చిన ఎక్స్‌యూవీ 500కీ, 2012లో వచ్చిన డస్టరుకీ కూడా అవే. చూడ్డానికి ఏనుగుల్లా వుంటాయి గాని, మోకాళ్ళు మాత్రం చిన్నకారు వంశానివే.

మా ఇంట్లో వున్నదీ ఆ జాతి పెద్దబండే. దాని పేరు మనకిక్కడ అప్రస్తుతం. 2013లో కొన్నాం. లక్షా ముప్ఫైవేల కిలోమీటర్లు తిరిగింది. అందులో చాలా భాగం ఆత్రేయపురానికీ రాజమండ్రికీ మధ్య తిరిగినదే. బొబ్బర్లంక మీదుగా వెళ్ళి, ధవళేశ్వరం దగ్గర బ్యారేజి దాటితే రాజమండ్రి. చూడముచ్చటైన దారి. కొబ్బరిచెట్లూ, అరటితోటలూ, పక్కనే కాలవ. చూసేవాడికి ముచ్చటే గాని, స్టీరింగు పట్టుకున్నవాడికి కాలవ కాలవే. శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చేపోయే జనంతో వూళ్ళో రోడ్లన్నీ తిరునాళ్ళే. వానాకాలం వెళ్ళాక గతుకులు, గతుకులు పూడ్చాక గుట్టలు, గుట్టలు అరిగాక మళ్ళీ గతుకులు. మధ్యలో గేదెలు. గేదెకి హారను వినపడదు. వినపడ్డా లెక్కచెయ్యదు.

ఈ బండిలో ప్రయాణం చేసేవి రెండు. ఒకటి పూతరేకులు, రెండు మా పెద్దన్నయ్య.

పూతరేకుల సంగతి ముందు చెబుతాను. మా వూరి రేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గనుక పరిచయం అక్కర్లేదు. మా ఆవిడా, పక్కిళ్ళ ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి, బోర్లించిన కుండమీద పిండిగుడ్డ లాగి రేకులు తీస్తారు. చుట్టినవి అట్టపెట్టెల్లో పెట్టి రాజమండ్రి దుకాణాలకి పంపిస్తారు. చక్కెరా నెయ్యీ వేసి చుట్టిన రేకు కాస్త ఓర్చుకుంటుంది. వుత్తి రేకు మాత్రం తుమ్మితే విరుగుతుంది. వుత్తి రేకులు కొనుక్కుని ఇళ్ళ దగ్గర చుట్టుకునేవాళ్ళు వున్నారు గనుక అవీ వెళ్ళాలి. పంపినవి ఎన్ని, తిరుగుటపాలో నలిగి వచ్చినవి ఎన్ని అని మా ఆవిడ క్యాలెండరు వెనకాల రాసిపెడుతుంది. ఒకనాటి రాత్రి ఆ క్యాలెండరు పట్టుకొచ్చి, "ఏవండీ, సంక్రాంతికి ముందు పెట్టెకి రెండో మూడో నలిగేవి. ఇప్పుడు ఎనిమిదీ తొమ్మిదీ నలుగుతున్నాయి. పిండి అదే, కుండ అదే, చెయ్యి అదే. మారిందేవిటంటారు?" అంది.

మారిందేవిటో తెలుసుకోడానికి మర్నాడు బండిని రావులపాలెంలో హైవే పక్కనున్న షెడ్డుకి తీసికెళ్ళాను. మేస్త్రీకి ముప్ఫై ఏళ్ళుండవు. అయినా పనితనంలో మేస్త్రీయే. ముందుగా బానెట్టు ఒక మూల రెండు చేతులా నొక్కి వదిలాడు. బండి లేచి, దిగి, మళ్ళీ లేచి, మళ్ళీ దిగి నిలబడింది.

"మాస్టారూ, బండి నడుపుతుంటే మీకేమన్నా తేడాగా వుంటాందాండీ?" అన్నాడు.

"మామూలుగానే వుందోయ్" అన్నాను.

"మామూలుగానే వుంటాదండి. ఇది ఒక్కరోజులో పోయేది కాదు గదండీ. రోజుకి ఆవగింజంత పోద్ది. మీరూ రోజుకి ఆవగింజంత అలవాటు పడిపోతారు. అలవాటు లేనోణ్ణి ఎక్కించి అడగండి, చెప్తాడు."

పాఠకులు ఈ మాటని కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఇంజను ఆగితే తెలుస్తుంది, టైరు పేలితే తెలుస్తుంది. షాకబ్జరు అరిగితే తెలియదు. అది మానేసిన పనిని బండిలో కూర్చున్నవాళ్ళు తమకి తెలియకుండానే అందుకుంటారు. చేతులు గట్టిగా పట్టుకుంటాయి, కాళ్ళు ముందే బిగుసుకుంటాయి, డ్రైవరు బ్రేకు పది గజాలు ముందుగా తొక్కుతాడు. బండి బాగానే వుందనుకుంటాం. బాగా వున్నది బండి కాదు, మన ఓర్పు.

నొక్కి చూడ్డం ఒక్కటే చాలదన్నాడు మేస్త్రీ. లోపల వాయువు బిగించిన స్ట్రట్టు సగం పోయినా ఆ పరీక్షలో బాగానే నిలబడవచ్చునట. అంచేత బండిని లిఫ్టు మీదికెత్తి చూపించాడు. ఎడమ స్ట్రట్టు ఒంటినిండా నూనె కారి, దానిమీద దుమ్ము పట్టి, ఆముదం రాసుకున్న పిల్లవాడిలా వుంది. కుడిది పొడిగానే వుంది. టైరుమీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమరమన్నాడు. నిమిరితే ఎగుడుదిగుడుగా, గిన్నెలు తవ్వినట్టు తగిలింది. చక్రం రోడ్డుని అంటిపెట్టుకుని దొర్లకుండా, గెంతుతూ పోయిన గుర్తులవి. పైన బానెట్టు కింద, స్ట్రట్టు తలకాయ బిగించే మౌంటింగు రబ్బరు బీటలు వారింది. స్టీరింగు తిప్పితే టకటకమన్న చప్పుడు అక్కణ్ణించే.

"బ్రేకు తొక్కితే ముక్కు కిందికి వాల్తాందాండీ?" అనడిగాడు. వాలుతోందన్నాను. అప్పుడు నాకు పాఠం చెప్పాడు. నేను ముప్ఫైయేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత పొందిగ్గా చెప్పిన సందర్భాలు తక్కువ. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది రోడ్డుని కరిచిపట్టుకున్న టైరు. టైరు గాలిలో వున్న క్షణంలో ఎంత గొప్ప బ్రేకైనా నిష్ప్రయోజనం. గతుకుల రోడ్డుమీద సడలిన స్ట్రట్టుతో చక్రం గెంతుతూ వుంటే, గేదెకీ బండికీ మధ్యనున్న దూరంలో కొంత అలా గాలిలోనే ఖర్చయిపోతుంది. విశాలమైన హైవే మీద ఆ నష్టం భరించవచ్చు. ఒక పక్క కాలవ వున్నచోట భరించలేం.

రెండు స్ట్రట్లూ, రెండు మౌంటింగులూ, వాటి బేరింగులూ, దుమ్ము తొడుగులూ, కూలీ, అలైన్‌మెంటూ అన్నీ కలిపి ఇరవైవేల చిల్లర అవుతుందని కాగితంమీద వేసి ఇచ్చాడు. ఆ కాగితంతో ఇంట్లో మహాసభ ప్రారంభమయింది.

హైదరాబాదులో వున్న మా అబ్బాయి ఫోనులో, "పన్నెండేళ్ళ బండికి అంత డబ్బెందుకు నాన్నా, అమ్మేయండి" అన్నాడు. మా బావమరిది ఒక షెడ్డు పేరు చెప్పి, అక్కడ పాత షాకబ్జరుకి బెజ్జం వేసి, కొత్త నూనె పోసి, వెల్డింగు చేసి ఇస్తారనీ, నాలుగో వంతు ఖర్చుతో పోతుందనీ అన్నాడు. ఇంకొకాయన స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు దిమ్మలు దూర్చమన్నాడు. వేరొకాయన, కారేది ఎడమదే గదా, ఎడమదొక్కటే మార్చమన్నాడు.

ఈ సలహాలన్నీ ప్రతి వూళ్ళోనూ వినపడేవే గనుక, వాటికి జవాబులు కూడా చెప్పుకోవడం మంచిది. వాయువు బిగించిన గొట్టానికి బెజ్జం వేసి, నూనె పోసి, అతికితే నూనె వుంటుంది గాని ఆ వాయువు వుండదు. అరిగిన కవాటాలూ సీలూ అరిగినట్టే వుంటాయి. మోకాలి నొప్పికి పంచె మార్చినట్టు. రబ్బరు దిమ్మలు స్ప్రింగుని గట్టిపరుస్తాయి, బండి కాస్త ఎత్తుగా కనిపిస్తుంది, అడుగు తగలడం తగ్గుతుంది. కాని వూపుని ఆపే పని వాటికి చేతకాదు. ఇక ఒక్కటే మార్చడమంటారా, మేస్త్రీ మాటల్లో చెప్పాలంటే "ఒక కాలికి కొత్త బూటూ, ఒక కాలికి పాత చెప్పూ తొడుక్కున్నట్టండి". ఒకవైపు చక్రం రోడ్డుని పట్టుకుని, రెండోవైపుది గెంతుతూ వుంటే, బ్రేకు తొక్కినప్పుడు బండి ఒకవైపుకి లాగుతుంది. అంచేత ఒక ఇరుసుమీది రెండూ జంటగా మార్చాలి. ఇది కంపెనీలవాళ్ళు వ్యాపారంకోసం కల్పించిన మాట కాదు.

అమ్మేయడం సంగతి మిగిలింది. దానికి జవాబు మా పెద్దన్నయ్య చెప్పాడు.

ఆయనకి డెబ్భై దాటాయి. రెండేళ్ళుగా మూత్రపిండాలు పనిచెయ్యడం లేదు. వారానికి రెండుసార్లు రాజమండ్రి తీసికెళ్ళి డయాలిసిస్ చేయిస్తాం. వెళ్ళేటప్పుడు ఎలా వున్నా, వచ్చేటప్పుడు మనిషి వడలిపోయి వుంటాడు. రక్తపుపోటు తగ్గుతుంది, పిక్కలు పట్టేస్తాయి. ఆయన ఎప్పుడూ ముందుసీట్లోనే కూర్చునేవాడు. కాలవని చూడ్డం ఆయనకి సరదా. ఈ నాలుగైదు నెల్లలో డ్రైవరు వెనకాల సీటుకి మారాడు. ఎందుకలాగ అని సభలో అడిగాను.

"ముందు కూర్చుంటే పట్టుకునే పిడి ఎడమవైపు వుందిరా. ఎడమ చెయ్యి సూదులు గుచ్చే చెయ్యి గదా, దానిమీద బరువు పెట్టొద్దన్నారు. డ్రైవరు వెనకైతే పిడి కుడివైపు వస్తుంది. లొల్ల వచ్చేసరికి పట్టుకుంటే మళ్ళీ ఇంటిదగ్గరే వదుల్తాను" అన్నాడు.

"మరి చెప్పలేదేం?" అంది మా ఆవిడ.

"రోడ్డు బాగులేదు, రోగం బాగులేదు. ఇందులో బండిని ఏమని అంటానమ్మా?"

తర్వాత అబ్బాయి ఫోను ఆయనే తీసుకుని, "ఒరే, నువ్వన్నట్టు అమ్మొచ్చు. కొనేవాడు కూడా ఈ గట్టుమీదే నడుపుతాడు గదరా. వాడింట్లో కూడా ఎవరో ఒకరు పిడి పట్టుకుని కూర్చుంటారు" అన్నాడు. సభ ముగిసింది.

పని జరిగిన రోజున నేను షెడ్డులోనే వున్నాను. చూడదగ్గ పని గనుక క్లుప్తంగా చెబుతాను. బండిని జాకీమీద వదిలెయ్యకుండా, కింద గట్టి స్టాండ్లు పెట్టి చక్రాలు వూడదీశారు. మా ప్రాంతపు తేమకి తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే నూనె పట్టించి వుంచాడు మేస్త్రీ. స్ట్రట్టుకి ఆనించి వున్న బ్రేకు గొట్టాన్నీ, చక్రం వేగం కనిపెట్టే తీగనీ విడదీశాడు. చక్రపు దిమ్మకి స్ట్రట్టుని కలిపే రెండు పెద్ద బోల్టులూ వున్నచోట సుద్దతో గుర్తు గీశాడు. ఆ బోల్టులు తీసేముందు దిమ్మని తాడుతో కట్టి వుంచాడు. లేకపోతే బరువంతా బ్రేకు గొట్టంమీద పడి వేలాడుతుంది. చివరికి బానెట్టు కింద పైనున్న మూడు నట్లు విప్పి, స్ట్రట్టుని స్ప్రింగుతో సహా కిందికి దింపాడు.

ఆ మూడు నట్ల నడుమ ఇంకొక పెద్ద నట్టుంటుంది. దాని జోలికి పోరాదు. అదే స్ప్రింగుని నొక్కిపట్టి వుంచే నట్టు. ఆ స్ప్రింగు బండి బరువులో నాలుగో వంతు మోసే స్ప్రింగు. బిగించి వుండగా ఆ నట్టు విప్పితే, ఫిరంగిలోంచి గుండు వచ్చినట్టు మౌంటింగు ఎగిరి వస్తుంది. అనుభవం లేని చేతులకి ప్రాణాపాయమైన పని అదొక్కటే. మేస్త్రీ స్ప్రింగుకి అటొకటీ ఇటొకటీ కొక్కేల మరలు తగిలించి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు చొప్పున సమానంగా బిగించి, స్ప్రింగు తన గూట్లో వదులయిందని చేత్తో కదిపి చూసుకున్న తర్వాతే ఆ నట్టు ముట్టుకున్నాడు. అంతసేపూ మొహం దాని ఎదురుగా పెట్టలేదు, కుర్రాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. మామూలుగా నోరు మూతపడని మనిషి ఆ పది నిమిషాలూ ఒక్కమాట మాట్లాడలేదు. ఎవరి పని వారికి తెలుసనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. ఇంటిదగ్గర పానాలు వున్నాయి గదా అని ఈ పనికి కూర్చోబోయేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే: కూర్చోకండి.

పాత స్ట్రట్టుని నేలమీద నిలబెట్టి చేత్తో నొక్కితే, సులువుగా కిందికి పోయి, పోయిన చోటే వుండిపోయింది. కొత్తదాన్ని నొక్కితే మొరాయించింది. వదిలితే తొందరలేకుండా, లాకులో పడవలాగ మెల్లిగా పైకి లేచింది. స్ప్రింగు కొసని కిందిగూటి మెట్టులో సరిగ్గా కూర్చోబెట్టి, కొత్త బేరింగూ మౌంటింగూ పెట్టి, బిగింపు కొలిచే రెంచీతో బిగించాడు. పాత మౌంటింగులు ఇంకొన్నాళ్ళు వస్తాయి గదా అంటే, అవి వెయ్యి రూపాయల వస్తువులైనా, రేపు పోతే ఈ పనంతా మళ్ళీ మొదటినించీ చెయ్యాలన్నాడు. కూలీ రెండుసార్లు ఇచ్చేకంటే వస్తువు ఒకసారి మార్చడం లాభం. అక్కణ్ణించి నేరుగా అలైన్‌మెంటుకి పంపించాడు. బోల్టులు విప్పి బిగించాక చక్రం నిటారుగా నిలబడిందో, ఓరగా నిలబడిందో గీసిన గుర్తు చెప్పలేదు, యంత్రమే చెప్పాలి. ఆ పని మానేస్తే కొత్త టైర్లు కూడా ఆరునెల్లలో పాడవుతాయి.

ఫలితం చెప్పమంటారా? రోడ్డు మారలేదు. గతుకులు వున్నచోటే వున్నాయి, గేదెలు వున్నచోటే వున్నాయి. క్యాలెండరు వెనకాల లెక్క మళ్ళీ పెట్టెకి రెండుకి దిగింది. అన్నయ్య రోగం తగ్గలేదు. మేస్త్రీ చెయ్యగలిగిన దానికి హద్దు వుంటుంది. కాని రెండో వారం వచ్చేటప్పుడు వెనకసీట్లో నిద్రపోయాడు. చెయ్యి ఒళ్ళో వుంది.

పెద్దబండి వున్న పాఠకులు గుర్తుంచుకోవలసినవి నాలుగే ముక్కలు. ఎనభైవేల కిలోమీటర్లు దాటిన బండికి ఒకసారి ముందు స్ట్రట్లు లిఫ్టుమీద చూపించండి. బ్రేకు తొక్కితే ముక్కు వాలడం, గతుకు దాటాక కూడా బండి వూగడం, టైరు గిన్నెలు గిన్నెలుగా అరగడం, స్ట్రట్టు ఒంటిమీద నూనె జిడ్డు, వీటిలో ఏ రెండు కనిపించినా ఆలస్యం చెయ్యకండి. మార్చితే రెండువైపులా మార్చండి, మౌంటింగులతో సహా మార్చండి. స్ప్రింగు విప్పే మనిషి దగ్గర సరైన మరలున్నాయో లేదో ముందు చూసుకోండి.

ఐదో ముక్క కూడా ఒకటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. వచ్చే ఆదివారం మీ బండిలోకి బొత్తిగా అలవాటు లేని చుట్టాన్ని ఒకణ్ణి ఎక్కించి, వూళ్ళో గతుకులన్నీ ఒక చుట్టు తిప్పి తీసుకురండి. దిగాక కాఫీ ఇచ్చి, బండి ఎలా వుందని అడగండి. మొహమాటపడతాడు, ఇంకో కప్పు ఇవ్వండి. మనం ఏళ్ళతరబడి అలవాటుపడి మరిచిపోయినదాన్ని ఆయన ఒక్క చుట్టులో చెప్పేస్తాడు. చుట్టాలవల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవాళ్ళకి ఇన్నాళ్ళకి ఒక జవాబు దొరికింది.